తాతయ్య పుస్తకం పేస్ట్ చేసే ముందు

తెనాలి

శ్రావణీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. తాతయ్య రాతలన్నీ ఒకచోట చేర్చి పుస్తకం వేస్తున్నావట. కంపోజింగ్ కూడా ఎవరికీ ఇవ్వకుండా, పుస్తకం పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ ప్రోగ్రాంలో నువ్వే చేస్తావట. వినగానే పొంగిపోయాను. ఇంతమంది మనవళ్లూ మనవరాళ్లూ ఉండి ఆ పని నీ చేతికే దక్కింది. అయితే, "అత్తని ఒకసారి అడగమంటే, అడగడానికేముంది నాన్నా, ఫైళ్లు తెరిచి కాపీ పేస్ట్ చెయ్యడమేగా అంది" అని కూడా చెప్పాడు. ఆ మాటతో నా నిద్ర ఎగిరిపోయింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, సగం వినవు. కాగితం మీదయితే మళ్లీ చూసుకోవచ్చు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. ఒరిజినల్ ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టు, వాటిని ముట్టుకోకు. పని అంతా కాపీల మీదే. రోజూ వేరే పేరుతో సేవ్ చేసుకో. రాత్రి రెండింటిదాకా కూర్చోకు, ఆఫీసు ఉద్యోగం ఉన్నదానివి.

ఇక కాపీ పేస్ట్ సంగతి. నువ్వు కంట్రోల్ సి నొక్కినప్పుడు క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసింది పేస్ట్ అయ్యేదాకా ఆగే చోటికి, వెళ్లేది ఒక్కటే అనుకుంటున్నావు కదూ? కాదు. వర్డ్‌లాంటి ప్రోగ్రాం అదే మేటర్‌ని చాలా రూపాల్లో అక్కడ పెడుతుంది. ఉత్త అక్షరాలు ఒక రూపం. ఫాంటు, సైజు, బోల్డ్, స్టైల్ పేర్లతో ఉండే ఆర్‌టీఎఫ్ ఇంకొకటి. వెబ్ పేజీలా ఉండే హెచ్‌టీఎంఎల్ మరొకటి. బొమ్మ రూపం కూడా ఉంటుంది. ఏది తీసుకోవాలో నిర్ణయించేది పేస్ట్ చేయించుకునే ప్రోగ్రాం. పెళ్లి భోజనంలో వడ్డించేవాళ్లు అన్నీ తెస్తారు, విస్తరి ముందు కూర్చున్నవాళ్లు తమకి కావలసిందే వేయించుకుంటారు, అలాగ. నోట్‌ప్యాడ్ ఉత్త అక్షరాలే తీసుకుంటుంది. ఇన్‌డిజైన్ కూడా, నువ్వు చెప్పకపోతే, వేరే ప్రోగ్రాం నుంచి వచ్చినదాంట్లో అక్షరాలే తీసుకుంటుంది. కాబట్టి బోల్డ్ పోయిందని వర్డ్‌ని తిట్టి లాభం లేదు. వర్డ్ ఇచ్చింది, అవతలిది తీసుకోలేదు.

ఇంకో చిక్కుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ రూపాలన్నీ అప్పటికప్పుడు తయారుచేసి పెట్టవు. ఎవరైనా అడిగినప్పుడు ఇస్తామని మాట మాత్రం ఇచ్చి ఊరుకుంటాయి. నువ్వు కాపీ చేసి, ఆ ప్రోగ్రాం మూసేసి, తర్వాత పేస్ట్ చేస్తే ఆ మాట నిలబడకపోవచ్చు. అందుకని పేస్ట్ అయి, కళ్లారా చూసుకున్నాకే మొదటి ఫైలు మూసెయ్యి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలో అర్థం కావాలంటే తాతయ్య మొదటి పుస్తకం కథ నీకు తెలియాలి. మీ నాన్న చెప్పి ఉండడు.

మా నాన్న, అదే మీ తాతయ్య, రిటైరయ్యాక ఒక శతకానికి వ్యాఖ్య రాశారు. పద్యం, కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం. ప్రతిపదార్థంలో పద్యంలోని మాట బోల్డ్‌లో, దాని అర్థం మామూలుగా ఉండాలన్నారు. మధ్యలో ఈక్వల్ టు గుర్తు పెడదామంటే, "ఇదేమన్నా లెక్కల పుస్తకమా?" అని ఒప్పుకోలేదు. మాటకీ అర్థానికీ మధ్య గీత లేదు, కామా లేదు. బోల్డ్ ఒక్కటే ఆధారం. ఆయన శిష్యుడొకడు ఓపిగ్గా వర్డ్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్‌తో అలాగే టైప్ చేసిపెట్టాడు. అక్కడక్కడ బ్రౌన్ నిఘంటువు నుంచి ఇంగ్లిష్ అర్థాలు కూడా ఇచ్చారు నాన్న. 1852లో అచ్చయిన నిఘంటువు అది, ఆయనకి ప్రాణం.

అవి విండోస్ 98 రోజులు. ఫ్లాపీ తీసుకుని ప్రెస్సుకి వెళ్లాం. ప్రెస్సు పేరు ఇప్పుడెందుకులే. అక్కడి ఆపరేటర్ మంచి పనివాడే. వర్డ్ నుంచి నేరుగా పేజ్‌మేకర్‌లోకి (అప్పట్లో పేజీలు పేర్చే ప్రోగ్రాం అది) తెస్తే సైజులు, స్పేసింగులు అడ్డదిడ్డంగా వస్తాయని, ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కడి నుంచి మళ్లీ కాపీ చేసి తెచ్చేవాడు. "ఇలా చేస్తే చెత్తంతా పోతుంది మాస్టారూ" అన్నాడు. చెత్త నిజంగానే పోయింది. దాంతోపాటు బోల్డ్ కూడా పోయింది. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి ఒక్క దెబ్బతో అను ఫాంట్ ఇచ్చాడు. దాంతో బ్రౌన్ గారి ఇంగ్లిష్ కూడా అను అక్షరాల్లోకి మారి, ఏ భాషా కాని ఒత్తులూ కొమ్ములూ అయి కూర్చుంది.

ప్రూఫులో ఆ ఇంగ్లిష్‌కి నాన్న ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. బోల్డ్ లేదేమని అడిగారు. "చివర్లో పెడతాం మాస్టారూ" అన్నాడు. అంతలో ఎన్నికల కరపత్రాలు వచ్చిపడ్డాయి ప్రెస్సుకి. రెండో ప్రూఫు చూపించలేదు. ఆవిష్కరణ సభ రోజు పొద్దున్న కట్టలు విప్పితే ప్రతిపదార్థం ఇలా ఉంది: "తరువు చెట్టు ఛాయన్ నీడలో పథికుల్ బాటసారులు". చదువు చూద్దాం. ఏది పద్యంలో మాట, ఏది అర్థం? నీకూ నాకూ తెలియొచ్చు. ఆ పుస్తకం రాసింది తెలియనివాళ్ల కోసం. ఒక్క అక్షరం తప్పు లేదు, ఒక్క వాక్యం పనికొచ్చేలా లేదు.

నాన్న ఎవరినీ ఒక్క మాట అనలేదు. సభ అయ్యాక పుస్తకాలన్నీ ఇంటికి తెప్పించారు. రాత్రి భోజనాలయ్యాక స్కేలు, ఎర్ర పెన్ను పట్టుకుని పద్యంలో మాటల కింద గీతలు గీయడం మొదలుపెట్టారు. నన్నూ మీ నాన్ననీ కూడా కూర్చోబెట్టారు. మీ నాన్న నిద్రమత్తులో మాటల కింద కాకుండా అర్థాల కింద గీసేవాడు. ఆ కాపీలు వేరే కట్ట కట్టి "ఇవి మన ఇంటికి" అనేవారు నాన్న, నవ్వుతూ. మీ అటక మీద ఉన్న కట్ట అదే. గీతలు గీసిన పుస్తకమే ఎవరికైనా ఇచ్చేవారు, గీయనిది ఇచ్చేవారు కాదు. నేను డీటీపీ, అంటే కంప్యూటర్ మీద కంపోజింగ్, నేర్చుకుంటానంటే వద్దన్న మనిషి, ఆ తర్వాత తనే తీసుకెళ్లి ఫీజు కట్టి చేర్పించారు.

ఆ ఆపరేటర్ మీద నాకిప్పుడు కోపం లేదు. ఇది అలంకారం కాదు, మేటరే అని అతనికి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను. చెప్పాక కూడా పోగొట్టావంటే మాత్రం ఊరుకోను.

మొదటి ఫైలు తెరవగానే ఒక పని చెయ్యి. ఏది అర్థం కోసం ఉంది, ఏది అందం కోసం ఉంది అని చూసుకో. తాతయ్య ఫాంటు, సైజు, రంగు, మార్జిన్లు అన్నీ వదిలేయొచ్చు, ఆయనకి వాటి మీద పట్టింపు లేదు. ప్రతిపదార్థంలో బోల్డ్, పద్యపాదాల విరుపులు, ఉటంకింపుల ఇటాలిక్, ఫుట్‌నోట్ అంకెలు, ఇవి ప్రాణం పోయినా పోకూడదు. వీటికి వర్డ్‌లోనే పేరున్న స్టైల్ (ఫాంటు, బోల్డ్ లాంటివి ఒక పేరు కింద దాచుకునే అమరిక) వెయ్యి. క్యారెక్టర్ స్టైల్ ఒకటి తయారుచేసి దానికి 'ప్రతిపదం' అని పేరు పెట్టు. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో బోల్డ్ ఉన్నచోటల్లా ఆ స్టైల్ వేయించు. ఉత్త బోల్డ్ దారిలో ఎక్కడైనా జారిపోతుంది. పేరున్న స్టైల్ పోతే ఎక్కడ పోయిందో వెతకొచ్చు.

వర్డ్ నుంచి వర్డ్‌లోకి తెచ్చేటప్పుడు, పేస్ట్ ఆప్షన్లలో మెర్జ్ ఫార్మాటింగ్ అన్నది నాకిష్టం. ఫాంటూ సైజూ కొత్త ఫైలువి తీసుకుని, బోల్డూ ఇటాలిక్కూ పాతవి ఉంచుతుంది. కానీ దానికో తిరకాసు ఉంది. సెలెక్ట్ చేసినదాంట్లో కొంత భాగమే బోల్డ్ అయితేనే అది ముఖ్యమనుకుని ఉంచుతుంది. నువ్వు బోల్డ్‌లో ఉన్న పద్యం ఒక్కటే కాపీ చేశావనుకో, మొత్తం బోల్డే కదా అని తీసేస్తుంది. పద్యంతో పాటు కింద తాత్పర్యం కూడా కలిపి కాపీ చెయ్యి, నిలబడుతుంది. అలాగే రెండు ఫైళ్లలో ఒకే పేరుతో స్టైల్ ఉంటే, డెస్టినేషన్ స్టైల్స్ అని పేస్ట్ చేసినప్పుడు కొత్త ఫైల్లో ఆ పేరుకి ఏ రూపం ఉందో అదే వస్తుంది. ఇది మనకి మేలే, ముందే తెలిసుంటే.

తెలుగుకి వర్డ్‌లో వేరే ఖాతా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకో. ఫాంట్ డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని విడిగా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, సైజు, తెలుగుకి మరొకటి. పేస్ట్ చేశాక ఇంగ్లిష్ 14లో, తెలుగు 11లో కనిపిస్తే కంగారుపడి టైప్ చేసినవాళ్లని అనుమానించకు, అక్కడ చూడు.

అను ఫైళ్ల విషయంలో నా భయం ఇంకా ఎక్కువ. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి, తెలియదు. ఆ ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదమ్మా. ఏవో ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉంటాయి, వాటికి తెలుగు ముఖం తగిలించేది ఫాంటే. అక్కడ ఫాంట్ పేరు పోయిందంటే భాషే పోయినట్టు. ఆ మేటర్ని టెక్స్ట్ ఓన్లీగా పేస్ట్ చేశాక ఏది తెలుగో, ఏది బ్రౌన్ గారి అసలు ఇంగ్లిషో ఎవరూ చెప్పలేరు, అనుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కూడా చెప్పలేదు. అన్నిటినీ తెలుగు చేసేస్తుంది. అందుకని పేజ్‌మేకర్ నుంచి ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యి, ఫాంట్ పేర్లు వెంట వస్తాయి. అను ఫాంట్ ఉన్న ముక్కల్నే యూనికోడ్‌లోకి మార్చు, ఇంగ్లిష్‌ని ముట్టుకోకు. మార్చాక అరసున్నలు, బండి ఱలు ఉన్న పద్యాలు పాత పుస్తకం పక్కన పెట్టుకుని చదువు.

ఇన్‌డిజైన్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి క్లిప్‌బోర్డ్ హ్యాండ్లింగ్‌లో ఆల్ ఇన్ఫర్మేషన్ పెట్టుకో. చిన్న ముక్కలకి అది చాలు. పెద్ద వ్యాసాలకి మాత్రం పేస్ట్ వద్దు, ఫైలునే నేరుగా లోపలికి తెచ్చే ప్లేస్ కమాండ్ వాడు. షో ఇంపోర్ట్ ఆప్షన్స్ టిక్ చేస్తే వర్డ్ స్టైల్ ఏది ఇక్కడి ఏ స్టైల్ కావాలో అడుగుతుంది. 'ప్రతిపదం' అక్కడ కనిపిస్తే గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు. పేరాగ్రాఫ్ స్టైల్లో కంపోజర్ (అక్షరాల్ని వరుసల్లో పేర్చేది) వరల్డ్ రెడీ అని ఉండాలి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అది చూసి చాలామంది పేస్ట్ చెడిందనుకుని మళ్లీ టైప్ చేయించుకుంటారు, పాపం.

ఫాంటు ఎంచుకునేటప్పుడు బోల్డ్ ఉందో లేదో చూడు. మండలి లాంటి అందమైన తెలుగు ఫాంట్లకి ఒకటే మందం. వర్డ్ వాటిని కూడా తనే లావు చేసి చూపిస్తుంది. ఇన్‌డిజైన్ ఆ మాయ చెయ్యదు, గులాబీ రంగు పట్టీ వేసి ఫాంటు లేదంటుంది. నోటో సెరిఫ్ తెలుగుకి బోల్డ్ ఉంది. తెలుగులో ఇటాలిక్ ఉన్న ఫాంటు దొరకడం కష్టం కాబట్టి, ఉటంకింపులకి ఇటాలిక్ బదులు వేరే ఫాంటు పెట్టుకో. స్టైల్ వేసి ఉంచితే అది ఒక్క నిమిషం పని.

షార్ట్‌కట్ల దగ్గర గర్వం వద్దు. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే ఇన్‌డిజైన్‌లో ఫార్మాటింగ్ లేకుండా పడుతుంది. వర్డ్ లాంటిదే అయిన లిబ్రే ఆఫీసులో అదే నొక్కితే ఏ రూపంలో కావాలని అడుగుతుంది. వేళ్లు అలవాటుపడ్డాక మెదడు చూడదు. నువ్వు చిన్నప్పుడు సైకిల్ బ్రేకు అనుకుని బెల్లు నొక్కి మా గేటుకి గుద్దావు, గుర్తుందా? గడ్డం మీద మచ్చ ఇంకా ఉండే ఉంటుంది.

తాతయ్య చివరి రోజుల్లో స్నేహితులకి వాట్సాప్‌లో పంపినవి కూడా చేరుస్తున్నావని విన్నాను. అక్కడ నుంచి కాపీ చేస్తే బోల్డ్ పోయి, మాటకి ఇటూ అటూ స్టార్ గుర్తులు మిగులుతాయి. వాటిని చిరాకుపడి చెరిపెయ్యకు. అవే నీకు దారి చూపేవి. స్టార్ల మధ్య మాటలకి స్టైల్ వేసి, ఆ తర్వాత స్టార్లు తియ్యి. అంత వేళ్ల నొప్పులతో కూడా ఆ స్టార్లు పెట్టడం నేర్చుకున్నారాయన. నేనే నేర్పాను, మంచం పక్కన కూర్చుని. "అయితే ఇప్పుడు స్కేలు అక్కర్లేదన్నమాట" అన్నారు.

సరే, ఏడుపు వస్తోంది, ఆపుతాను.

ముందు ఒక్క పేజీ చేసి చూపించు. పద్యం, ప్రతిపదార్థం, బ్రౌన్ ఇంగ్లిష్, ఫుట్‌నోట్, అరసున్న, సాఫ్ట్‌వేర్ లాంటి మాట ఒకటి అందులో ఉండాలి. ఆ చివరిది ఎందుకంటే, ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, శుభ్రం చేస్తామనే టూల్స్ దాన్ని మింగేస్తాయి. ఆ పేజీ ఇన్‌డిజైన్ దాకా క్షేమంగా వస్తేనే మిగతావి మొదలుపెట్టు. పీడీఎఫ్ నాకు వాట్సాప్‌లో పంపు, ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫోటో అయితే నా కళ్లకి బోల్డ్ తేడా తెలియదు. ఆదివారం లోపు పంపితే సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా చూసి పెడతాను, చుక్కల మందు వేశాక రోజంతా ఏదీ కనపడదు.

మీ అత్త