చంద్రపూర్ గాలికి 72 ఏళ్ల నాన్నకి ఆయాసం, ఇన్సూరెన్స్ అక్కరకొస్తదా?

ముందు ఆధార్ పట్టుకుపోయి ఆయుష్మాన్ వయ వందన కార్డు, అంటే పెద్దోళ్ల కోసం కేంద్ర సర్కారు ఇచ్చే వైద్యం కార్డు, చేయించండి. 2024 అక్టోబర్ నుంచి 70 దాటినోళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఫ్రీ, నాగపూర్ పోయినా హైదరాబాద్ పోయినా ఈ పథకం లిస్టులో ఉన్న ఆస్పత్రైతే నడుస్తది.

కానీ మెలిక ఏందంటే, అడ్మిట్ అయితేనే. ఆయాసం ఉన్నోళ్లకి ఖర్చంతా ఎక్కడయితది? ఇన్హేలర్లు, నెబులైజర్ మందులు, డాక్టర్ ఫీజు, ఎక్స్‌రే, ఇదంతా నెలనెలా జేబులోంచే పోతది.

చంద్రపూర్ దగ్గరి మా బల్లార్షాలో ఇంటింటికీ ఇదే కథ, ఒకపక్క బొగ్గు గనులు ఇంకోపక్క థర్మల్ ప్లాంటు, సిమెంట్ లారీలు వేరే, ఆరేసిన బట్టల మీద కూడా మసే. ఆ సన్న ధూళి, పీఎం 2.5 అంటారు, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటది కాబట్టి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడి నుంచి రక్తంలో కూడా కలుస్తది, అందుకే పెద్దోళ్లకి దగ్గు ఒక్కటే కాదు గుండెపోటు, పక్షవాతం భయం కూడా ఎక్కువే.

ప్రైవేట్ పాలసీ అంటారా, 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినా కొనొచ్చు, పాలసీకి ముందే ఉన్న పాత జబ్బుకి వెయిటింగ్, అంటే క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన టైమ్, 3 ఏళ్లకి మించొద్దు. ఆయాసం సంగతి మాత్రం దాచొద్దు, ఏజెంట్ ఏం కాదన్నా సరే, రేపు క్లెయిమ్ రిజెక్ట్ చేస్తారు. ఈ వయసులో ప్రీమియం మండిపోతది కూడా, నేనైతే ఆ పైసలు నెల మందులకే పక్కన పెడతా, జన ఔషధి షాపులో కొంటే ఇంకా కలిసొస్తది.