గడ్డ ఉంది, రిపోర్టు నార్మల్. మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. తెనాలిలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పోయిన నెల అద్దం ముందు కొత్త జాకెట్ మెడ సరిచూసుకుంటూ గుటక వేస్తే, గొంతు కింద రేగుపండంత ఏదో పైకి కదిలింది. స్కానింగ్‌లో 1.8 సెంటీమీటర్ల థైరాయిడ్ గడ్డ, టైరాడ్స్-3 అని రాశారు. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ 2.3, నార్మల్. గడ్డ కరగడానికి రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకోమని ఒక డాక్టరు రాశారు. ఇంకా మొదలుపెట్టలేదు. ఆపరేషన్ చేయించేసుకో అంటోంది మా ఆడపడుచు. థైరాయిడ్‌కి పడదంటారని క్యాబేజీ మానేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మొదలుపెట్టకపోవడమే మంచిదైందమ్మా. గ్రంథి ఎంత హార్మోన్ తయారు చేస్తోందో టీఎస్‌హెచ్ చెబుతుంది, గడ్డ ఎలాంటిదో చెప్పదు. మీకు హార్మోన్ సరిపడా ఉంది. ఒకప్పుడు గడ్డ కరుగుతుందని ఈ మాత్రలు రాసేవాళ్లం, నేనూ రాశాను. చాలామందిలో చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా టీఎస్‌హెచ్‌ని అణిచేంత మోతాదు ఏళ్ల తరబడి వాడితే గుండె లయ తప్పవచ్చు, నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారవచ్చు.

టైరాడ్స్-3 అంటే స్కానింగ్‌లో చూస్తే క్యాన్సర్ అనుమానం తక్కువని. ఈ రకానికి 2.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటేనే సూదితో గడ్డలోని కణాలు తీసి పరీక్ష చేయిస్తాం. మీకు ఏడాది తిరిగాక ఒకసారి, తర్వాత మూడో ఏట, ఐదో ఏట స్కానింగ్ చాలు. వీలైతే అదే సెంటర్లో చేయించుకోండి, పాత రిపోర్టు పట్టుకెళ్లండి. ఒక మిల్లీమీటరు తేడాకు హడలిపోవద్దు. ఒకే మనిషికి మీరు తీసిన కొలతా, ఇంకో టైలరు తీసిన కొలతా కాస్త తేడా రావూ? గడ్డ పొడవు, వెడల్పు, మందాల్లో కనీసం రెండు కొలతలు ఐదో వంతు, అదీ కనీసం 2 మిల్లీమీటర్ల చొప్పున పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం.

ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు. గొంతు నరానికి దెబ్బ తగిలే ప్రమాదం కొద్దిగానైనా ఉంటుంది, ఆ తర్వాత కొందరికి జీవితాంతం మాత్ర తప్పదు. ఆడపడుచు గారికి ఈ మాట చెప్పండి.

ఒక సంగతి మీరు రాయలేదు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా? చిన్నప్పుడు మీ మెడకు రేడియేషన్ ఇచ్చారా? అయితే స్కానింగ్ చూసే డాక్టరుకు తప్పక చెప్పండి. గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, గడ్డ వారాల్లో పెరిగినా, మెడ పక్కన బిళ్లలు కట్టినా ఏడాది ఆగకండి.

క్యాబేజీ వండుకోండి. మామూలు అయోడిన్ ఉప్పు చాలు, అయోడిన్ చుక్కలు కొనకండి.