వాగులో పురుగులు తగ్గలేదంటే చేపలకూ పక్షులకూ తిండి బాగున్నట్టేనా?

ఒడ్డున అడవి కొట్టి పొలాలు వేశాక కూడా వాగులో పురుగుల సంఖ్య తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగింది, మరి వాటిని తినే చేపలకూ పక్షులకూ వచ్చిన నష్టమేమిటని అడిగారు. తలలు లెక్కపెడితే ఆ నష్టం కనిపించదు. వాగు కీటకాల్లో కొవ్వు ఆమ్లాలు కొలిచే ప్రాజెక్టులో కొంతకాలం పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

అంతా రాళ్ళ మీది పాకుడు దగ్గర మొదలవుతుంది. గోధుమ రంగులో పల్చగా, జారుడుగా ఉండే పాకుడులో ఎక్కువగా డయాటమ్‌లు అనే కంటికి కనిపించని ఒంటికణం నాచు ఉంటుంది. ఇవి చేపలకూ పక్షులకూ కావాల్సిన ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. చెట్ల ఆకుల్లో అది దాదాపు ఉండదు, ఏఎల్ఏ అనే చిన్న రకం మాత్రమే ఉంటుంది. ఏఎల్ఏని ఈపీఏగా మార్చుకోవడం చాలా జంతువులకు అంత తేలిక కాదు. నీళ్ళలో పెరిగి, ఎదిగాక రెక్కలొచ్చి ఎగిరిపోయే మేఫ్లై అనే కీటకం లార్వాలు పాకుడు గీకి తింటాయి, వాటికి అంత విలువ అందుకే.

పొలాల ఎరువు నీళ్ళలో కలిసి, నీడ పోయి ఎండ తగిలితే పాకుడు పెరుగుతుంది. కానీ రకం మారిపోతుంది. పోగులు పోగులుగా పచ్చనాచు వస్తుంది, ఇంకా ముదిరితే సయనోబాక్టీరియా, అంటే నీలి-ఆకుపచ్చ నాచు అని పిలిచే బాక్టీరియా. మొదటిదాంట్లో ఈపీఏ చాలా తక్కువ, రెండోదాంట్లో దాదాపు సున్నా. పైగా దున్నిన నేల నుంచి వచ్చే మట్టి రాళ్ళ సందులు పూడ్చేస్తుంది. వల వేయకముందే రాయి తడిమి చూసి, ఏ పురుగులు దొరుకుతాయో సగం ఊహించేవాళ్ళం.

అలాగని చీకటిగా ఉన్న అడవి వాగే అన్నిటికన్నా గొప్పదనుకోకండి. దట్టమైన నీడలో పాకుడు పెద్దగా పెరగదు, పురుగులు రాలిన ఆకుల మీదే బతకాలి. ఎరువు చేరకుండా కాస్త వెలుతురు మాత్రం పడేచోట డయాటమ్‌లు పెరిగి, పురుగుల్లో ఈపీఏ అడవి వాగు కన్నా ఎక్కువే ఉండొచ్చు. అడవి మంచిది, పొలం చెడ్డది అని గీత గీసేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. ఒడ్డున చెట్లు ఎంత మేర వదిలారు, వాగులోకి ఏం చేరుతోంది అన్నవి అడగాలి.

ఇంకో మార్పు, నా లెక్కలో ఇదే పెద్దది: పురుగుల జాతులే మారిపోతాయి. మేఫ్లైలు, వాటిలాగే వాగులో పెరిగే స్టోన్‌ఫ్లైలు తగ్గి, కైరోనమిడ్ అనే దోమలాంటి కుట్టని ఈగల లార్వాలు, నత్తలు, వానపాముల్లాంటి పురుగులు పెరుగుతాయి. ఒక్కో జాతి ఒంట్లో కొవ్వు ఆమ్లాల తీరు ఒక్కోలా ఉంటుంది, తిండి మారినా ఆ తీరు అంత తొందరగా మారదు. పైగా నత్తలకు రెక్కలు రావు. మేఫ్లై ఎదిగి గాల్లోకి లేస్తేనే ఒడ్డున ఉండే పక్షికీ, సాలీడుకీ, గబ్బిలానికీ ఆ ఈపీఏ అందేది.

ఇది పక్షులకు ఎంత ముఖ్యమంటే, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఎగిరే పురుగుల్ని తినే ట్రీ స్వాలో అనే చిన్న పక్షి పిల్లల మీద చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. ఈపీఏ వంటి ఒమేగా-3లు ఎక్కువున్న తిండి కొంచెమే తిన్న పిల్లలు, అవి తక్కువున్న తిండి కడుపునిండా తిన్నవాటికన్నా బాగా ఎదిగాయి.

మీరే కొలవాలనుకుంటే పురుగులన్నిటినీ కలిపి రుబ్బొద్దు, జాతులవారీగా విడదీయండి. లేకపోతే పురుగులో సారం తగ్గిందా, జాతులే మారాయా అన్నది తేలదు. రాత్రంతా శుభ్రమైన నీళ్ళలో ఉంచి పొట్ట ఖాళీ కానివ్వండి, లేదంటే అవి తిన్న పాకుడు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత వెంటనే డ్రై ఐస్‌లో పెట్టండి, ఈపీఏ గాలి తగిలితే చెడిపోతుంది. ల్యాబ్ వాళ్ళు మొత్తం కొవ్వు శాతం ఒక్కటే రాసిస్తే ఒప్పుకోకండి, ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడివిడిగా రాసిమ్మనండి.