వీధిలో పెట్టిన కారు సైడ్ మిర్రర్ పగలగొడితే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక కాలనీ. ఇంట్లో పార్కింగ్ లేక కారు వీధిలోనే పెడుతున్నాం. "మా గేటు దగ్గర పెట్టొద్దు, ఈసారి పెడితే అద్దాలుండవు" అని ఎదురింటివాళ్ళు రెండుసార్లు గొడవపడ్డారు. మొన్న పొద్దున చూస్తే ఎడమవైపు సైడ్ మిర్రర్ విరిగి వైర్లకు వేలాడుతోంది. రెండు డోర్ల మీద తాళంచెవితో గీసిన గీత ఉంది. అద్దానికి 7,400, డోర్ల పెయింటింగ్‌కు 9,000, మొత్తం 16,400 రూపాయలు అవుతుందని షోరూమ్‌లో ఎస్టిమేట్ ఇచ్చారు. పక్కింటి సీసీ కెమెరాలో రాత్రి ఎవరో అద్దం పట్టుకుని గుంజడం కనిపిస్తోంది కానీ ముఖం సరిగా పడలేదు. ఎదురింటి అబ్బాయిలాగే ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. స్టేషన్‌కు వెళితే "చిన్న విషయం, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకోండి" అని పంపేశారు. కేసు పెట్టవచ్చా? వీడియోను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే తప్పా? నా డబ్బు ఎలా వస్తుంది?

జవాబు: కేసు పెట్టవచ్చు. ఒకరి వస్తువును కావాలని పాడుచేయడం నేరమే. ఆ వస్తువు రోడ్డు మీద ఉందా, ఇంట్లో ఉందా అన్నదానితో పని లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 324వ సెక్షన్ కిందికి వస్తుంది. పాత ఐపీసీలో 425 నుంచి 427 వరకు ఉన్న సెక్షన్ల స్థానంలో వచ్చింది ఇదే. మీది 20 వేల లోపు నష్టం కాబట్టి మామూలుగా 324(2) పెడతారు. ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నష్టం 20 వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ళ వరకు, లక్షా ఆపైన అయితే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. కేసు గట్టిగా ఉంటుందని ఎవరైనా చెప్పినా ఎస్టిమేట్‌ను 20 వేలు దాటించకండి. దాటించినా పోలీసుల అధికారంలో తేడా రాదు. పైగా ఆ బిల్లును అవతలి లాయరు ప్రశ్నించిన రోజున మిగతా సాక్ష్యం మీద కూడా అనుమానం మొదలవుతుంది.

ఇక స్టేషన్‌లో మీకు చెప్పినదాని సంగతి. లక్ష లోపు నష్టం చేసిన కేసు నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టకూడదు. కాబట్టి వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టలేమని వాళ్ళు అంటే అది నిజమే. కానీ ఎఫ్‌ఐఆర్ కుదరదన్నంత మాత్రాన ఫిర్యాదే తీసుకోనక్కర్లేదని కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పిన సమాచారాన్ని స్టేషన్ పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమని చెప్పాలి. అలాంటి కేసుల డైరీ రిపోర్టును పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపాలని కొత్త చట్టంలో చేర్చారు కూడా. ఈ నమోదు మీ హక్కు, వదులుకోవద్దు. కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు వేయించుకోండి. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ బాధ్యత చూసే అధికారికి) ఒకటి, డీసీపీ ఆఫీసుకు ఒకటి పంపి రసీదులు దాచుకోండి. ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నది మీ ఫిర్యాదు తీసుకోకపోవడానికి కారణం కానే కాదు.

ఇదే పని కాంపౌండ్ లోపల జరిగి ఉంటే సంగతి వేరుగా ఉండేది. గేటు దాటి మీ ఆవరణలోకో, బయటివాళ్ళు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకో వచ్చి పగలగొడితే అక్రమ ప్రవేశం కింద న్యాయ సంహిత 329వ సెక్షన్ కూడా పడుతుంది. అది కాగ్నిజబుల్. ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసును పోలీసులు నేరుగా దర్యాప్తు చేయవచ్చు. అద్దాన్ని ఊడదీసి పట్టుకుపోతే అది దొంగతనం, 303వ సెక్షన్. అక్కడ వస్తువు విలువ 5,000 దాటిందా లేదా అన్నది చూస్తారు. మీ అద్దం విరిగింది కానీ పోలేదు, కారు ఉన్నది వీధిలో. కాబట్టి ఈ రెండూ మీకు వర్తించవు.

సాక్ష్యం దగ్గర మాత్రం తొందరపడాలి. 324 నిలబడాలంటే నష్టం కలిగించాలన్న ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. సందులో పోతున్న ఆటో రాసుకుని అద్దం విరిగితే అది ఈ సెక్షన్ కిందికి రాదు. అవతలివాళ్ళు మొదట చెప్పబోయేది కూడా అదే, ఏదో బండి తగిలి ఉంటుందని. ఇప్పటి కార్ల అద్దాలు దెబ్బ తగిలితే ముందుకో వెనక్కో మడుచుకునేలా ఉంటాయి. బండి రాసుకుపోతే షెల్ అంచున ఒరిపిడి, ఒక్కోసారి ఆ బండి రంగు కూడా అంటుకుంటుంది. చేత్తో పట్టుకుని గుంజితే షెల్ మీద అలాంటి గీత లేకుండా, డోర్‌కు బిగించిన మొదట్లోనే ప్లాస్టిక్ చిట్లుతుంది. అందుకే ఆ మొదలు దగ్గర నుంచి ఫొటో తీయండి. కారు కదపకముందు నంబరు ప్లేటు, గేటు, అద్దం ఒకే ఫ్రేములో వచ్చేలా ఇంకొకటి తీయండి. కొత్త అద్దం వేయించుకున్నాక పాతది షోరూమ్‌లో వదిలేయకుండా కవర్లో కట్టి ఇంటికి తెచ్చుకోండి.

వీడియో కోసం పక్కింటివాళ్ళను ఈ రోజే అడగండి. హార్డ్ డిస్కు సైజును బట్టి కొద్ది రోజుల నుంచి నెల లోపు పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ పెట్టె) నుంచి నేరుగా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి, ఆ ఘటనకు ముందూ వెనకా అరగంట కలిపి. కత్తిరించవద్దు. ఫోన్‌తో స్క్రీన్‌ను షూట్ చేసినది, వాట్సాప్‌లో వచ్చి నాణ్యత పడిపోయినది కోర్టులో బలహీనం. డీవీఆర్ గడియారం అసలు టైముకు ఎంత ముందుందో, ఎంత వెనకుందో కూడా రాసుకోండి. చాలా ఇళ్ళలో దాన్ని ఎవరూ సరిచేయరు, రాత్రి 2 గంటల ఘటన స్క్రీన్ మీద సాయంత్రం 6 అని కనిపిస్తే ఆ ఒక్క పాయింటు మీదే వాదన నడుస్తుంది. కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది పాత సాక్ష్య చట్టంలోని 65బి సర్టిఫికెట్ లాంటిదే, ఇప్పుడు ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. కెమెరా ఓనరు సంతకం అవసరం కాబట్టి ఆయనతో మాట మంచిగా ఉంచుకోండి.

"అద్దాలుండవు" అన్న బెదిరింపును ఫిర్యాదులో తప్పక రాయండి. ఎప్పుడన్నారు, ఎవరి ముందు అన్నారు అన్నది వివరంగా. నష్టం జరగకముందే నష్టం చేస్తామని చెప్పడం వాళ్ళ ఉద్దేశాన్ని చూపిస్తుంది. అయితే అబ్బాయి విషయంలో "ఫలానా అబ్బాయే చేశాడు" అని రాయకండి. ముఖం కనిపించలేదని మీరే అంటున్నారు. "వీడియోలో కనిపించిన వ్యక్తి ఎత్తు, నడక చూస్తే ఎదురింటి అబ్బాయి అని అనుమానంగా ఉంది, విచారించగలరు" అని రాస్తే చాలు. మీకు తెలిసినంతే రాశారు కాబట్టి రేపు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టలేరు.

వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టవద్దు. ఈ మాట మీద నేను గట్టిగానే ఉంటాను. అబ్బాయి ఇంటర్ అంటున్నారు కాబట్టి పద్దెనిమిదేళ్ళు నిండకపోయి ఉండవచ్చు. ఘటన జరిగిన రోజుకు వయసెంత అన్నదే లెక్క, టెన్త్ మెమోలో పుట్టిన తేదీ చూస్తారు. పద్దెనిమిది లోపు అయితే ఈ వ్యవహారం జువైనల్ జస్టిస్ చట్టం కిందికి వెళుతుంది. ఇంత చిన్న నేరానికి ఎఫ్‌ఐఆర్ ఉండదు. బాలల సంక్షేమ పోలీసు అధికారి జీడీలో రాసి, కుటుంబ పరిస్థితులపై నివేదికతో జువైనల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులకు జరిమానా లాంటివే అక్కడ ఉంటాయి. ఆ చట్టంలోని 74వ సెక్షన్ అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించింది. అతిక్రమిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒకవేళ అబ్బాయి మేజరై, వీడియోలో ఉన్నది అతను కాదని తేలితే పరువునష్టం కింద న్యాయ సంహిత 356వ సెక్షన్ మీ మీదికి వస్తుంది. పగిలిన అద్దం మీది, కేసులో ముద్దాయి కూడా మీరే అయ్యే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? అన్నిటికీ మించి, నాలుగు వందల మంది ఉన్న గ్రూపులో ఒకసారి దొంగ, రౌడీ అని పేరు పడ్డాక ఆ పిల్లవాడు ఆ వీధిలో తల ఎత్తుకుని తిరగలేడు. అంత శిక్ష ఏ బోర్డూ వేయదు.

డబ్బు విషయానికొస్తే, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింట్ (పోలీసుల ద్వారా కాకుండా మీరే వేసే ఫిర్యాదు), సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా రెండు దారులూ ఉన్నాయి. కానీ 16,400 కోసం వాటిని నేను సిఫారసు చేయను. వాయిదాలకు పెట్టే సెలవులే అంతకన్నా ఎక్కువవుతాయి. మీకు సరిపోయేది ప్రీ లిటిగేషన్ లోక్ అదాలత్, అంటే కోర్టులో కేసు వేయకముందే రాజీ కుదిర్చే వేదిక. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, దగ్గరి కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల కమిటీలో గానీ తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు. ఎస్టిమేట్, ఫొటోలు, జీడీ ఎంట్రీ కాపీ జతచేయండి. ఎదురింటి పెద్దలకు నోటీసు వెళుతుంది. ఇంతదాకా "ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నవాళ్ళు కూడా న్యాయమూర్తి సంతకంతో కాగితం వచ్చాక కూర్చుని మాట్లాడడం నేను తరచూ చూస్తుంటాను. పిల్లవాడి చదువు, రేపటి వీసా అన్న టెన్షన్ వాళ్ళకూ ఉంటుంది. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, డబ్బు కట్టకపోతే అమలు చేయించుకోవచ్చు. దాని మీద అప్పీలు లేదు. కుదరకపోతే మిగతా దారులు అలాగే తెరిచి ఉంటాయి. మైనరు చేసిన నష్టానికి తల్లిదండ్రులు ఆటోమేటిక్‌గా బాధ్యులు కారు కాబట్టి, వాళ్ళు ఒప్పుకుని కట్టడమే మీకు లాభం. ఉచిత సలహాకు 15100 నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చు.

లోక్ అదాలత్‌లో మీ పార్కింగ్ సంగతి తప్పకుండా వస్తుంది. వీధి వాళ్ళది కాదు, నిజమే. కానీ ఇంటి గేటుకు అడ్డంగా, వాళ్ళ బండి బయటికి రాకుండా పెట్టడం డ్రైవింగ్ నిబంధనలకు విరుద్ధం. పూర్తిగా దారి మూసేస్తే న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద మీ మీదే ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీ పార్కింగ్ తప్పయినంత మాత్రాన అద్దం విరిచే హక్కు వాళ్ళకు రాదు, వాళ్ళు చేయాల్సింది ట్రాఫిక్ పోలీసులకు ఫోన్ చేయడం. అయినా గేటుకు రెండు వైపులా కొలిచి, కారు ఎక్కడి వరకు పెట్టుకోవచ్చో ఆ రాజీ పత్రంలోనే రాయించుకోండి. మళ్ళీ గొడవ రాకుండా చేసేది ఆ ఒక్క వాక్యమే.

ఇన్సూరెన్స్ మీద ఒక లెక్క వేసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు. ఓన్ డ్యామేజ్ కవర్ (మీ కారుకు జరిగిన నష్టానికి) ఉంటే ఇతరులు కావాలని చేసిన నష్టం అందులోకి వస్తుంది. జీరో డెప్ (తరుగుదల కోత లేని కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగం కోత, పెయింటింగ్‌లో మెటీరియల్ వాటాకు సగం కోత, 1,500 సీసీ లోపు కారుకు మరో వెయ్యి మీ జేబులోంచి. మీ ఎస్టిమేట్‌లో చేతికొచ్చేది సుమారు 10,500. ఇప్పుడు మీకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉందనుకుందాం, ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యూవల్‌లో 45 శాతం, అంటే 4,050 తగ్గేది. క్లెయిమ్ చేస్తే సున్నా. తర్వాతి రెండేళ్ళలో బోనస్ మళ్ళీ 20, 25 శాతం నుంచి ఎక్కుతుంది కాబట్టి మూడేళ్ళకు మొత్తం 9,000 దాకా పోతుంది. మీకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. అద్దం ఒక్కటే విరిగి ఉంటే క్లెయిమ్ నష్టమే. జీరో డెప్‌తో పాటు బోనస్ ప్రొటెక్షన్ కూడా ఉంటే మాత్రం నిశ్చింతగా చేసుకోండి.

చేసుకుంటే ఒక్క జాగ్రత్త. "గోడకు తగిలిందని రాయండి సార్, తొందరగా పాసవుతుంది" అని గ్యారేజీలో చెబుతారు. అలా రాయవద్దు. క్లెయిమ్ ఫారం మీద మీ సంతకంతో గోడ అని ఉండి, స్టేషన్ ఫిర్యాదులో ఎవరో విరిచారని ఉంటే రెండూ పోతాయి. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు, కోర్టులో ఆ ఫారమే అవతలివాళ్ళకు ఆయుధం. రిపేరుకు ముందే కంపెనీకి చెప్పి సర్వే చేయించండి.

గడువుల సంగతి: మీ కేసులో శిక్ష ఏడాది లోపే కాబట్టి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలంటే ఘటన జరిగిన రోజు నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. సివిల్ దావాకు మూడేళ్ళు. మధ్యలో వాళ్ళు డబ్బు కట్టి రాజీకి వస్తే 324(2) కేసును మీరే రాజీ చేసుకుని ముగించవచ్చు, చట్టం అందుకు ఒప్పుకుంటుంది. లోక్ అదాలత్ చర్చల్లో నెలలు గడిచిపోతున్నాయనిపిస్తే ఆ ఏడాది గడువు ముగియడానికి రెండు నెలల ముందే కాగితాలన్నీ తీసుకుని ఒక లాయరును కలవండి.