జర్మనీ ఒప్పుకున్నా మన చట్టం ఒప్పుకోదు

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా వారు జర్మన్ పౌరులు. నాకూ, ఇక్కడే పుట్టిన మా నాలుగేళ్ల పాపకూ భారత పాస్‌పోర్టులు ఉన్నాయి. త్వరలో బెర్లిన్ వెళ్తున్నాం. ఆనందపురం వైపు కొంత పొలం కొనాలనీ ఉంది. 2024 నుంచి జర్మనీ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతిస్తోంది కనుక, నేనూ పాపా రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చా?

జవాబు: అమ్మా, జర్మనీ అనుమతించినంత మాత్రాన మన చట్టం మారదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, మీరు ఇష్టపూర్వకంగా విదేశీ పౌరసత్వం స్వీకరించగానే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాత పాస్‌పోర్టును బీరువాలో దాచుకున్నా అది చెల్లదు. అయితే జర్మన్ పౌరుని భార్యగా మీరు కుటుంబ వీసాపై వెళ్లి (జర్మన్ భాషలో ఏ1 అనే ప్రాథమిక స్థాయి పరీక్ష సాధారణంగా తప్పదు), మూడేళ్ల తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుంది కాబట్టి, పౌరసత్వం మార్చుకోవాల్సిన తొందర నాకు కనబడదు. పొలం ఆలోచన ఉంటే మరీనూ: పౌరసత్వం మారితే మీకు మిగిలేది ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే) కార్డే; ఆ కార్డుదారులు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందగలరు గానీ కొనలేరు, ఓటూ వేయలేరు.

పాప సంగతి వేరు. తండ్రి ద్వారా జర్మన్ పౌరసత్వం సాధారణంగా పుట్టుకతోనే వస్తుంది. కానీ పాపకు జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పాస్‌పోర్టు అప్పగించి, ఓసీఐకి దరఖాస్తు చేయాలి. ముందుగా పాప జనన ధ్రువపత్రంలోనూ మీ పాస్‌పోర్టులోనూ మీ పేరు ఒకేలా ఉందేమో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనక ఉండటం మన తెలుగువాళ్లకు ఎప్పుడూ ఉన్న చిక్కే.