అమ్మమ్మ టీవీ పారేసే ముందు

కోడలుపిల్లకి మావయ్య ఆశీస్సులు.

విశాఖ లాసన్స్ బే కాలనీలో నీ కొత్తింటికి తెచ్చుకున్న అమ్మమ్మ టీవీ మొరాయిస్తోందట. చూడ్డానికొచ్చిన కుర్రాడు వెనక మూతైనా విప్పకుండా ‘ప్యానెల్ పోయిందండి, కొత్తది కొనుక్కోండి’ అనేసి చక్కా పోయాడని మీ అమ్మ చెప్పింది. కొనుక్కుంటానంటే నేనొద్దనను. కానీ ఏం పోయిందో చూడకుండా చెప్పిన ఆ మాట నాకు నచ్చలేదు. డాబాగార్డెన్స్‌లో రిపేరు కొట్టు నడిపిన రోజుల్లో, ప్యానెల్ పోయిందని ఎవరో చెబితే నమ్మి నా దగ్గరికి తెచ్చిన సెట్లు చాలానే చూశాను. వాటిలో ఎక్కువ వాటికి పోయింది పవర్ సప్లయ్ బోర్డో, లోపలి లైట్లో. ప్యానెల్ అంటే బొమ్మ కనిపించే తెరే, దాని ఖరీదే టీవీ ఖరీదులో సింహభాగం కాబట్టి ఆ మాట వినగానే ఎవరైనా కొత్తదానికే సిద్ధపడతారు.

ముందు ఎర్రలైటు చూడు. టీవీ కింద చిన్న స్టాండ్‌బై లైటు వెలగట్లేదంటే టీవీని అనుమానించకు, ప్లగ్గుని అనుమానించు. అదే సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి చూడు. మీ పేటలో ఉప్పుగాలికి ఎక్స్‌టెన్షన్ బోర్డుల లోపలి ఇత్తడి రేకులు పచ్చగా చిలుమెక్కి పట్టు వదిలేస్తాయి. టీవీని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి, వెనకవైపు వైరు ఊడొచ్చేది అయితే ఒకసారి తీసి గట్టిగా నొక్కి చూడు. అప్పటికీ లైటు రాకపోతే లోపల ఫ్యూజో, పవర్ బోర్డో అన్నమాట. లైటు ఆగి ఆగి మెరుస్తుంటే మాత్రం ఎన్నిసార్లు మెరిసి ఆగుతోందో లెక్కపెట్టి కాగితం మీద రాసిపెట్టు. చాలా కంపెనీల సెట్లు లోపలి జబ్బుని ఆ మెరుపుల లెక్కలోనే చెబుతాయి. మెకానిక్ రాగానే ముందు ఆ అంకె చెప్పు.

ఇంకో చిన్న పని. ప్లగ్గు పీకేసి, టీవీకే ఉన్న పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకో. పది నిమిషాలాగి మళ్లీ పెట్టు. రిమోట్‌తో ఆపినంత మాత్రాన టీవీ పూర్తిగా ఆగదు. ఇలా చేస్తే లోపల బిగుసుకుపోయిన చిప్పు మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. బొమ్మ కదలకుండా నిలిచిపోవడం, రిమోట్ మాట వినకపోవడం లాంటివి చాలావరకు దీంతోనే పోతాయి.

పొద్దున్న ఆన్ చేస్తే టిక్కు టిక్కుమని, నాలుగైదు సార్లు ప్రయత్నిస్తే గానీ రాకుండా, ఒకసారి వచ్చాక రాత్రిదాకా బాగానే ఆడుతోందా? అయితే నాకు సంతోషమే, ఇది చవక రోగం. పవర్ బోర్డు మీద డబ్బీల్లా నిలబడి, కరెంటుని కాసేపు దాచి ఉంచే కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి లోపల ఎండిపోయి తల ఉబ్బుతాయి. కొత్తవి వేస్తే సరి. ఒక్కోటి కొన్ని రూపాయలే, ఖర్చంతా పనిమంతుడి కూలే. వేసేటప్పుడు మైక్రోఫారాడ్ అంకె పాతదానికి సమానంగా ఉండాలి, వోల్టు అంకె సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, 105 డిగ్రీల రకమే వెయ్యాలి. ఈ మూడూ అడుగు. అడిగితే నీకు తెలుసని వాడికీ తెలుస్తుంది.

నువ్వు మాత్రం మూత విప్పకమ్మా. మనింటికి వచ్చే 230 వోల్టులు ఆ బోర్డు మీద 300 దాటిన డీసీగా మారతాయి. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్‌లో కాసేపు అలాగే కూర్చుని ఉంటాయి. ప్లాస్మా సెట్టయితే మరీ దగ్గరికెళ్లకు. నేను చెప్పేవన్నీ బయటనుంచి చేసే పరీక్షలే.

ఇక అసలు సంగతి. మాట వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది అని కదా మీ అమ్మ అన్నది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, ఏదో ఒక ఛానెల్ పెట్టి, ఫోన్ టార్చిని తెరకి బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని చూడు. లోపల బొమ్మలు మసకమసగ్గా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బతికే ఉన్నట్టు. బొమ్మ వస్తోంది, దాని వెనక వెలుగే లేదు. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు, వెనకనుంచి ఎవరైనా వెలుగివ్వాలి. 2010కి ముందు సెట్లలో ఎక్కువగా సన్నటి ట్యూబులు, వాటిని వెలిగించే ఇన్వర్టర్ బోర్డు ఉండేవి. తర్వాతి వాటిలో ఎల్‌ఈడీ పట్టీలు. పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా ఈ పట్టీలో ఒక్క దీపం పోతే దాని వరసంతా ఆరుతుంది, చాలా సెట్లలో రక్షణ కోసం మొత్తం వెలుగే ఆగిపోతుంది. ఆన్ చెయ్యగానే ఒక్క క్షణం బొమ్మ మెరిసి మాయమవడం కూడా ఈ కోవలోదే. పట్టీలు మార్చేటప్పుడు పోయిన ఒక్కటే కాకుండా మొత్తం సెట్టు మార్పించు. ఒకే వయసువి కదా, మిగతావీ ఎంతో కాలం ఆగవు.

బాగయ్యాక మెనూలోకి వెళ్లి బ్యాక్‌లైట్ సగానికి తగ్గించుకో. బ్రైట్‌నెస్ కాదు, బ్యాక్‌లైట్. చాలా సెట్లలో బ్రైట్‌నెస్ నలుపుని పెంచి తగ్గిస్తుందే గానీ దీపాల మీద భారం తగ్గించదు. కొట్లో కొనేటప్పుడు కళ్లు చెదరాలని నిండుగా పెట్టి ఉంచుతారు, ఇంటికొచ్చాక ఎవరూ మార్చరు.

తెర మీద గీతలొస్తే టీవీ మెనూ తెరిచి చూడు. గీత మెనూ మీద కూడా ఉంటే రోగం టీవీది. మెనూ శుభ్రంగా ఉండి వెనక బొమ్మ మాత్రమే చెడితే సెట్‌టాప్ బాక్సుదో, కేబుల్‌దో. సగం తెర తేడాగా రావడం, రంగులు తెల్లబారిపోవడం లాంటివి ఒక్కోసారి లోపల ప్యానెల్‌కి బొమ్మని అందించే టీ-కాన్ బోర్డు మారిస్తేనో, దాని పట్టీ కేబుల్ తీసి పెడితేనో సర్దుకుంటాయి. నిలువుగా ఒకే చోట కదలకుండా నిలబడ్డ గీత, అంచు నొక్కితే పోయి వదిలితే వస్తుంటే మాత్రం అది ప్యానెల్ అంచున అతుకు వీడటమే. దాని మీద ఒక్క రూపాయి పెట్టకు.

‘నో సిగ్నల్’ అని రాస్తే గాభరా పడకు. ఆ అక్షరాలు చూపించగలుగుతోందంటే టీవీ బాగానే ఉంది. సోర్స్ మారిపోయి ఉంటుంది, లేదా హెచ్‌డీఎంఐ వదులైంది, వేరే రంధ్రంలో పెట్టి చూడు. బాక్సు బాగుండి డిష్ సిగ్నల్ పోతుంటే, పెద్ద వానలో పోయి వాన వెలిశాక వచ్చేస్తే అది మామూలే. ఎండలో కూడా పోతుంటే డాబా మీద కేబుల్ చివరి కనెక్టర్ తుప్పు పట్టి ఉంటుంది. చివర అంగుళం కోసి కొత్త కనెక్టర్ వేయించి, నీళ్లు చొరని టేపు చుట్టమను. బీచ్ దగ్గర ఇళ్లకి ఇది తప్పదు.

రిమోట్ పనిచెయ్యకపోతే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కు. తెర మీద ఊదారంగు మెరుపు కనిపిస్తే రిమోట్ బాగానే ఉంది, టీవీ కన్నుకి ఏదైనా అడ్డమొచ్చిందేమో చూడు. యూట్యూబ్ కోసం టీవీ వెనక హెచ్‌డీఎంఐలో గుచ్చే స్టిక్ పెట్టుకుంటే దానికి కరెంటు దాని అడాప్టర్ నుంచే ఇవ్వు. పాత టీవీ యూఎస్‌బీ సాధారణంగా 500 మిల్లీయాంపియర్లే ఇస్తుంది, అది చాలక స్టిక్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది. న్యూస్ ఛానెల్లో అడుగున స్క్రోలింగ్ సగం తెగిపోతుంటే పిక్చర్ సైజ్ మార్చు, ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉంటుంది.

టీవీని సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టావని విన్నాను. మార్చు. ఉప్పుతేమ వెనక రంధ్రాల్లోంచి దూరి కనెక్టర్లు తినేస్తుంది. వానాకాలంలో చూసినా చూడకపోయినా రోజూ కాసేపు ఆడించు, ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. తెర పొడి మెత్తటి గుడ్డతో తుడువు, అద్దాలు తుడిచే స్ప్రే కొట్టకు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టి రోజుల తరబడి కరెంటు పోయాక, మా కొట్టుకొచ్చిన సెట్లలో నీళ్లు దూరినవి కొన్నైతే, కరెంటు తిరిగొచ్చిన క్షణాన పోయినవి కొన్ని. వీధిలో న్యూట్రల్ తీగ తెగితే ఒక ఫేజు ఇంట్లోకి 230 బదులు 400 దాకా వచ్చేస్తుంది. దాన్ని మామూలు స్పైక్ గార్డ్ ఆపలేదు. గాలివాన హెచ్చరిక రాగానే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకెయ్, డిష్ కేబుల్ కూడా ఊడదియ్. కరెంటొచ్చాక ఇంట్లో బల్బులు నిలకడగా వెలుగుతున్నాయో లేదో చూసి అప్పుడు పెట్టు.

మెకానిక్‌తో ముందే మాట్లాడుకో: తీసిన పాత సామాను నీకే ఇవ్వాలి, కొత్తది వెయ్యకముందు ధర చెప్పాలి. పవర్ బోర్డో, పట్టీలో అయితే చేయించు. ప్యానెలే అని తేలితే ఆపెయ్. పారేసే పక్షంలో పాతసామాన్ల బండికి వెయ్యకు. ట్యూబుల రకం సెట్లలో పాదరసం ఉంటుంది, వాళ్లు పగలగొట్టి ఇత్తడీ రాగీ ఏరుకుంటారు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వు.

ఈ రాత్రి భోజనాలయ్యాక టార్చి పరీక్ష చేసి ఏం కనిపించిందో ఫోన్ చెయ్. టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరుంటుంది, ఫోటో తీసి పంపు. పట్టీలే అయితే మన కొట్లో పనిచేసిన కుర్రాడిని ఆదివారం పంపిస్తాను.

మీ మావయ్య