లాటే మెషిన్ కొనొచ్చు, కానీ కార్డు బాకీ తీరాక

ప్రశ్న: మేం కొండాపూర్‌లో ఉంటాం. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరికీ కలిపి చేతికి వచ్చేది 1,20,000. ఇంటి ఖర్చులు 85,000, సిప్‌లు 15,000. ఎఫ్‌డీలో 1,80,000 ఉంది. మావారి క్రెడిట్ కార్డు మీద 40,000 బాకీ ఉంటే నెలనెలా మినిమమ్ డ్యూ, దాదాపు 2,000, కడుతున్నాం. కెఫేలో లాటే 250 రూపాయలు. ఆఫీసుకు వెళ్తూ నెలకు 15, వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో ఓ 10 కప్పులు అవుతాయి. పాలు స్టీమ్ చేసి కాఫీ మీద హార్టులు, ఆకులు పొయ్యడం నేర్చుకోవాలని నాకు చాలా కోరిక. గ్రైండర్ కూడా అందులోనే ఉండే మెషిన్ 58,000కి, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది. నెలకు 4,833 అంటే కెఫే ఖర్చు కన్నా తక్కువే కదా, ఏడాది తిరిగేసరికి మెషిన్ ఫ్రీగా వచ్చినట్టే అని నా లెక్క. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య అక్కడి నుంచి తెస్తే ఇంకా చవకట. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ కోరికలో తప్పేం లేదు. లెక్కలోనే ఉంది చిక్కంతా.

ఫ్రెండ్స్‌తో తాగే 10 కప్పులు మెషిన్ కొన్నా ఆగవు. అక్కడికి మీరు వెళ్లేది కబుర్లకి. కాబట్టి ఆగేవి ఆఫీసు దారిలోని 15 కప్పులే, అంటే 3,750 రూపాయలు. ఇప్పుడు ఇంట్లో కప్పు ఎంత పడుతుందో చూడండి. ఒక డబుల్ షాట్‌కి, అంటే ఒక కప్పు లాటేలో పడే చిక్కటి కాఫీకి, 18 గ్రాముల గింజలు కావాలి. పావుకిలో 700 పెట్టి తెస్తే అవి 50 రూపాయలు. 180 మిల్లీలీటర్ల పాలు 12 రూపాయలు వేసుకోండి. కరెంటు, మెషిన్ శుభ్రం చేసే మందులు కలిపితే మొత్తం 65. కెఫే ధరలో పావు వంతు! అయితే మెషిన్ వంటగట్టు మీద ఉన్నాక ఎవరూ నెలకు 15 కప్పులతో ఆగరు. మీరొకటి, మీవారొకటి రోజూ తాగారే అనుకోండి, 60 కప్పులు, 3,900 రూపాయలు. ఆగిన ఖర్చు 3,750. అంటే మిగిలేదేమీ లేకపోగా 150 ఎదురు పడుతుంది. ఈఎంఐ దీనికి అదనం.

15 కప్పుల డబ్బుతో 60 కప్పులు వస్తున్నాయిగా అంటారేమో. వస్తాయి, అది సుఖమే. సుఖానికి డబ్బు ఖర్చు పెట్టొద్దని నేను ఏనాడూ చెప్పను. దాన్ని పొదుపు ఖాతాలో రాసుకోవద్దనే నా బాధ.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది మెషిన్ కాదు, మినిమమ్ డ్యూ. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 40,000 మీద 1,400 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మీరు కట్టే 2,000లో 1,652 వడ్డీకే పోతోంది, అసలు తరుగుతున్నది 350 కూడా కాదు. పైగా పాత బాకీ నడుస్తున్నంత కాలం కొత్తగా గీకిన వాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఆ కార్డుతో కెఫేలో కడితే ఆ 250కి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇంకోపక్క అదే 40,000 ఎఫ్‌డీలో 7 శాతానికి ఏడాదంతా కూర్చుంటే వచ్చేది 2,800. కార్డు దాన్ని రెండు నెలల్లో మింగేస్తుంది. ఈ వారమే ఎఫ్‌డీలోంచి 40,000 తీసి కార్డు మొత్తం కట్టెయ్యండి. ముందుగా తీసినందుకు వడ్డీ కొంచెం తగ్గిస్తారు, తగ్గించనివ్వండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని ఈఎంఐ అనేది లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీదే. 16 శాతం లెక్కన 12 నెలలకు వడ్డీ 4,700 పైచిలుకు, దాని మీద పన్ను 850 దాకా. ప్రాసెసింగ్ ఫీజు వేరే. మొత్తం ఒకేసారి కడితే ఇంకేమైనా తగ్గిస్తారా అని అడిగారా? చాలా షాపుల్లో తగ్గిస్తారు.

నా ప్లాన్ ఇది. కార్డు తీరితే నెలకు 2,000 మిగులుతుంది. ఈఎంఐ కట్టగలం అంటున్నారు కాబట్టి ఆ 4,833 కూడా ఉన్నట్టే. కలిపి నెలకు 7,000 ఆర్‌డీ వెయ్యండి. మొదటి ఆరు నెలలు ఎఫ్‌డీలో తీసిన 40,000 పూడ్చడానికి. మీ అత్యవసర నిధి, అంటే ఆ ఎఫ్‌డీ, ఇప్పుడే రెండు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. నిజానికి ఆరు నెలలది ఉండాలి, దాని సంగతి బోనస్ వచ్చినప్పుడు చూద్దాం. ఆ తర్వాతి ఎనిమిది నెలలు మెషిన్ కోసం. మొత్తం పద్నాలుగు నెలలు. సిప్‌లు ఆపి ముందే కొంటానంటే మాత్రం ఒప్పుకోను.

ఈ పద్నాలుగు నెలలూ చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. పాలు నురగ కట్టించి పొయ్యడం నేర్చుకోవడానికి 58,000 అక్కర్లేదు. పొయ్యి మీద పెట్టి చిక్కటి కాఫీ దించే మోకా పాట్ ఒకటి, జల్లెడ ఉన్న కాడను పైకీ కిందికీ ఆడించే ఫ్రెంచ్ ప్రెస్ ఒకటి, మూతి సన్నగా ఉన్న స్టీల్ పిచర్ (పాలు పోసే జగ్గు), చిన్న చేతి గ్రైండర్, అన్నీ 5,000 లోపు వస్తాయి. గింజలు అరకువి తెచ్చుకోండి, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరబికా మన దగ్గరే ఉండగా విదేశీ ప్యాకెట్ల జోలికి పోనక్కర్లేదు. మోకా పాట్ కాఫీకి ఎస్ప్రెస్సో (మెషిన్‌లో దిగే చిక్కటి కాఫీ) మీద ఉండే గోధుమరంగు నురగ రాదు కాబట్టి బొమ్మ అంత స్పష్టంగా కనిపించదు. చెయ్యి తిరగడానికి అది చాలు.

ప్యాకెట్ పాలు ఫ్రిజ్‌లోంచి తీసి 60 డిగ్రీల దాకా వేడి చెయ్యండి. గిన్నెకు చెయ్యి ఆనించగలరు, ఆనించి ఉంచలేరు, అదే గుర్తు. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, పొంగు రానివ్వాల్సిన పని లేదు. పొంగించి మీగడ కట్టించారా, ఆ పూటకి బొమ్మ లేదు. వేడి పాలు ఫ్రెంచ్ ప్రెస్‌లో పోసి, మొదట పైపైన గబగబా కొట్టండి, గాలి ఎక్కుతుంది. తర్వాత లోపలే నెమ్మదిగా కదిలించండి, పెద్ద బుడగలు చితికి సన్నబడతాయి. మెషిన్‌లో ఆవిరి ఊదే గొట్టం, స్టీమ్ వాండ్, చేసేదీ ఈ రెండు పనులే. దానితో అయితే చల్లటి పాలు గోరువెచ్చన అయ్యేలోపే గాలి ఎక్కించాలి, ఆ తర్వాత సుడి తిప్పాలి. 70 డిగ్రీలు దాటితే తీపి పోయి, కాచిన వాసన వస్తుంది. నురగ నిలబడేది పాలలోని ప్రొటీన్ వల్ల, నోటికి నునుపు తగిలేది వెన్న వల్ల. అందుకే 4.5 శాతం వెన్న ఉండే స్టాండర్డైజ్డ్ పాలతో మొదలుపెట్టండి. నిల్వ ఉన్న పాలు సరిగ్గా నురగ కట్టవు.

పిచర్‌ని గట్టుకేసి ఒకసారి తట్టి, తిప్పుతూ ఉంటే పాలు తడి పెయింట్‌లా మెరుస్తాయి. అప్పుడు కప్పు వంచి కాస్త ఎత్తు నుంచి సన్నధారగా పొయ్యండి, తెలుపు అడుగుకు వెళ్లిపోతుంది. సగం పైన నిండాక మూతిని కాఫీకి ఆనేంత దగ్గరకు తెచ్చి ధార పెంచితే తెల్లటి వలయం విచ్చుకుంటుంది. చివర్లో పిచర్ ఎత్తి, సన్నధారతో మధ్యలోంచి ముందుకు లాగితే హార్ట్. కొత్తలో దాదాపు అందరికీ హార్ట్ బదులు ఉల్లిపాయ ఆకారమే వస్తుంది. రోజూ అరలీటరు పాలు దీనికే పోస్తే నెలకు వెయ్యి అవుతుంది. దానికి బదులు నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి కొట్టండి, నురగ ఇంచుమించు పాలలాగే వస్తుంది. తర్వాత పిచర్, ప్రెస్ బాగా కడగండి, అంతే.

ఈ సాధనలో ఇంకో సంగతి కూడా తేలుతుంది. 60 డిగ్రీల కాఫీ మన ఇళ్లలో చాలామందికి చల్లారిన కాఫీ. మీవారికి పొగలు కక్కే కాఫీ కావాలంటే, నేను పైన వేసిన 60 కప్పులు 30 అయిపోతాయి. ఆ 30 కప్పుల కోసం 58,000 పెట్టాలా వద్దా అనేది అప్పుడు మీరే చెబుతారు.

ఓపిక పట్టలేక 10,000, 12,000 మెషిన్ మాత్రం కొనకండి. వాటిలో చాలావాటికి స్టీమ్ గొట్టం చివర గాలి పీల్చే తొడుగు ఉంటుంది. కపుచినో మీద గుట్టలా నిలబడే నురగ దానితో వస్తుంది, బొమ్మ రాదు. 25,000 ప్రాంతంలో మామూలు స్టీమ్ వాండ్ ఉన్నవి దొరుకుతాయి, విడిగా గ్రైండర్ చూసుకోవాలి. ఏది కొన్నా హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కనుక్కోండి. మీ వైపు ట్యాంకర్, బోరు నీళ్లే ఎక్కువ కదా, ఆ నీళ్లు పోస్తే బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది. ఫిల్టర్ నీళ్లే పొయ్యండి, కంపెనీ చెప్పిన గడువుకు డీస్కేల్ చెయ్యండి, అంటే ఆ సున్నం వదిలించండి.

డల్లాస్ మెషిన్ వద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 1,500 వాట్ల హీటర్‌కి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ ధరా బరువూ రెండూ ఎక్కువే, వారంటీ కూడా సాధారణంగా ఇక్కడ చెల్లదు. అన్నయ్యగారు ఏదో ఒకటి తెస్తానంటే మంచి చేతి గ్రైండర్, రెండు పిచర్లు తెమ్మనండి. వాటికి వోల్టేజీతో పని లేదు.